మందు ఒకరికే, రోగం ఇద్దరికీ

ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో నూటికి దాదాపు తొమ్మిది మందికి గర్భసంచి తీసేశారు. 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలిన లెక్క 8.7 శాతం. దేశం మొత్తానికి సగటు 3.3. ఈ వరసలో అన్ని రాష్ట్రాలకన్నా ముందున్నది మనమే. ఇన్ని ఆపరేషన్లకు ఒకే కారణం లేదు. అధిక రక్తస్రావం ఉంది, గడ్డలు ఉన్నాయి, ‘ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇక దానితో పనేముంది’ అనే మాట ఉంది, ఆపరేషన్‌కు ఇంత అని లెక్కేసుకున్న ఆసుపత్రులూ ఉన్నాయి. వీటి మధ్య పెద్దగా చర్చకు రాని కారణం మరొకటుంది. తెల్లబట్ట ఆగడం లేదని, పొత్తికడుపు నొప్పి తగ్గడం లేదని, మందు వాడినన్నాళ్లు బాగుండి మళ్లీ మొదలవుతోందని తిరిగి తిరిగి విసిగిపోయిన ఆడమనిషికి చివరికి ‘తీయించేసుకో’ అనే సలహా దొరుకుతుంది. తెల్లబట్ట అంతా సుఖవ్యాధి అనుకోకూడదు. కొంత మామూలు శరీరధర్మమే. చాలావరకు లోపలి సూక్ష్మజీవుల సమతూకం చెడటం వల్లో, ఫంగస్ వల్లో వచ్చేది. మిగిలిన దాంట్లో ట్రైకోమోనాస్, క్లమీడియా, గనేరియా వంటి లైంగిక వ్యాధుల వాటా ఉంది. ఇవి మూడూ మందుకు లొంగేవే. అయినా తిరగబెడుతున్నాయంటే, చాలాసార్లు ఆ మందు ఇద్దరిలో ఒకరే మింగి ఉంటారు. భార్యకు నయమైన కొన్ని వారాలకు భర్త దగ్గర్నుంచి అదే క్రిమి తిరిగొస్తుంది. గర్భసంచి తీసేసినా ట్రైకోమోనాస్ పోదు. అది ఉండే చోటు వేరు.

లైంగిక వ్యాధుల గురించి మన దగ్గర జరిగే చర్చ ఎప్పుడూ అవగాహన దగ్గర మొదలై అవగాహన దగ్గరే ముగుస్తుంది. ర్యాలీ తీస్తారు, డిసెంబరు 1న ఎర్ర రిబ్బను పెట్టుకుంటారు. అవి వద్దనక్కర్లేదు. కానీ కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట వంటి చోట్ల ఈ వ్యాధులు తగ్గకపోవడానికి అసలు చిక్కు అక్కడ లేదు. మందు ఉంది, చవకే, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం కూడా. జంటగా వచ్చే రోగానికి ఒంటరిగా వైద్యం చేస్తున్నాం. గౌతమికీ వశిష్ఠకూ మధ్య ఉన్న ఈ లంకల నేల మీద, ఇంట్లో ఒకరు గల్ఫ్‌లో మరొకరు ఇక్కడ ఉండే కుటుంబాలు ఇన్ని ఉన్నచోట, ఆ లోపం మరింత ఖరీదైనది. ఒకే కాలువ నీళ్లు పారే రెండు చెరువుల్లో ఒకదానికే మందు చల్లి ఊరుకునే రైతు కోనసీమలో ఉండడు. మనుషుల విషయంలో మన ఆసుపత్రులు చేస్తున్నది అదే.

ఈ వ్యాధుల స్వభావమే ఇద్దరికీ వైద్యం అడుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా నయమయ్యే నాలుగు లైంగిక వ్యాధులు, అంటే క్లమీడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్, 37 కోట్ల 40 లక్షల సార్లు కొత్తగా సోకాయి. రోజుకు పది లక్షల పైమాటే. వీటిలో ఎక్కువ భాగం ఏ లక్షణమూ చూపించవు. క్లమీడియా సోకిన ఆడవాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా ఏమీ తెలియదు. మగవాళ్లలోనూ దాదాపు సగం మందికి తెలియదు. గనేరియా మగవాడికి రెండు నుంచి ఏడు రోజుల్లో మూత్రంలో మంట, చీముతో బయటపడుతుంది, ఆడవాళ్లలో సగం మందికి చడీచప్పుడు ఉండదు. ట్రైకోమోనాస్ లెక్క తలకిందులు: బాధ ఆడదానిది, మోసేది మగవాడు, అతనికి తెలియనే తెలియదు. కాబట్టి ఎవరికి ముందు కనిపించిందో వాళ్లే తెచ్చారనుకోవడం వైద్యపరంగా తప్పు. కనిపించినవాళ్లకే మందివ్వడం ఇంకా పెద్ద తప్పు. కనిపించని క్రిమి ఖాళీగా కూర్చోదు. కొందరు ఆడవాళ్లలో గర్భాశయ నాళాల దాకా పాకి వాటిని మూసేస్తుంది. పదేళ్ల తర్వాత ‘పిల్లలు లేరు’ అని అత్తింట్లో మాటలు పడేది ఎవరో, కాకినాడ, రాజమహేంద్రవరం సంతాన సాఫల్య కేంద్రాల్లో లక్షలు పోసేది ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

సిఫిలిస్‌ది ఇంకో రకం మోసం. పాతవాళ్లు సవాయి అనే ఈ జబ్బు మొదట మర్మాంగం మీద నొప్పిలేని పుండుగా వస్తుంది, సోకిన మూడు వారాల ప్రాంతంలో. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోరు. ఏ మందూ లేకుండానే మూడు నుంచి ఆరు వారాల్లో అది మానిపోతుంది. మానింది కాబట్టి మరిచిపోతారు. ఆ తర్వాత ఒంటి మీద, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని మచ్చలు తేలతాయి. అవీ పోతాయి. ఆపైన ఏళ్ల తరబడి రక్తపరీక్షలో మాత్రమే తెలుస్తుంది, కొందరిలో పది, ఇరవై ఏళ్లకు గుండెకో మెదడుకో ఎక్కుతుంది. గర్భిణికి ఉండి వైద్యం అందకపోతే సగానికి పైగా కేసుల్లో బిడ్డకు ముప్పు: గర్భస్రావం, చనిపోయి పుట్టడం, జబ్బుతో పుట్టడం. 2022లో ప్రపంచం మొత్తం మీద ఏడు లక్షల మంది పిల్లలకు తల్లి కడుపులోనే ఇది సోకిందని అంచనా. ఇంత చేసే జబ్బుకు విరుగుడు ఎంత? తొలి దశలో బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, ఒక్క మోతాదు. 1943లో ఈ జబ్బుకు పెన్సిలిన్ వాడటం మొదలుపెట్టారు, ఎనభై ఏళ్లు దాటినా ఆ క్రిమి దాన్ని తట్టుకోవడం నేర్చుకోలేదు. కాన్పుకు కనీసం నెల ముందు తల్లికి ఇస్తే బిడ్డ బయటపడినట్లే. అయితే సూది వేయించుకున్న ఆ తల్లి, వేయించుకోని భర్తతోనే కాపురం చేయాలి. ఆరో నెలలో నయమై తొమ్మిదో నెలలో మళ్లీ అంటించుకుంటే, మొదటి రక్తపరీక్ష కాగితం చూసి అంతా బాగుందనుకుంటాం.

ఇక్కడ జబ్బు మొదట చేరేది ఆసుపత్రికి కాదు. మూత్రం మంట అంటే ‘వేడి చేసింది’ అంటారు. బార్లీ కాచి తాగిస్తారు. కోనసీమలో కొబ్బరి బోండాలకు కరువు లేదు కాబట్టి నాలుగు రోజులు అవీ నడుస్తాయి. మంట నిజంగానే కాస్త తగ్గుతుంది, నీళ్లు ఎక్కువ తాగితే ఎవరికైనా తగ్గుతుంది. తగ్గకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ వైద్యుడి దగ్గర రెండు రోజుల మాత్రలు. గనేరియా సిప్రోఫ్లాక్సాసిన్ మీద గెలిచి ఏళ్లు గడిచాయి, అయినా పల్లెల్లో ఆ మాత్రే ఇంకా చేతులు మారుతోంది. ఇంకా సిగ్గుపడేవాళ్ల కోసం బస్టాండు గోడల మీద ప్రకటనలు ఉండనే ఉన్నాయి: ఫలానా వైద్యుడు ప్రతి నెలా ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో. రహస్యానికి అంత గిరాకీ. ఆ ప్రకటనలు అచ్చువేసి డబ్బు తీసుకునే పత్రికలు కూడా ఈ పాపంలో భాగస్వాములేనని ఒక పత్రికలోనే రాయక తప్పదు. వీటన్నిటిలోనూ ఒక సామాన్య లక్షణం గమనించండి. బార్లీ నీళ్లు తాగేది ఒకరు, ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లేది ఒకరు, లాడ్జి మెట్లెక్కేది ఒకరు. ఎక్కడా రెండో మనిషి లేడు.

మరి ప్రభుత్వ వైద్యంలో ఉన్నాడా? కాగితం మీద ఉన్నాడు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ సురక్షా క్లినిక్‌ల కోసం ఏడు రంగుల మందుల కిట్లు తయారు చేసింది. చీముకు బూడిద రంగు, తెల్లబట్టకు ఆకుపచ్చ, పుండుకు తెలుపు, పెన్సిలిన్ పడనివాళ్లకు నీలం, హెర్పిస్ పొక్కులకు ఎరుపు, పొత్తికడుపు నొప్పికి పసుపు, గజ్జల్లో బిళ్లకు నలుపు. పెద్ద ప్రయోగశాల లేనిచోట లక్షణం చూసి వెంటనే మందివ్వడానికి ఇంత తేలికైన ఏర్పాటు ఇంకోటి లేదు. భాగస్వామికీ వైద్యం చేయాలని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆచరణలో అది ‘మీ ఆయన్ని తీసుకురామ్మా’ అనే ఒక్క వాక్యంగా మిగిలింది. ఆ వాక్యం మోసుకుని ఇంటికి వెళ్లాల్సింది ఆమె. ఏం చెప్పి తీసుకురావాలో ఎవరూ నేర్పరు. పగలు పదింటికి ఓపీ, అదే సమయానికి ఆయన చెరువు గట్టు మీదో కొబ్బరి దింపులోనో లారీ మీదో ఉంటాడు. పైగా ఇది అందరికీ అందరూ తెలిసిన సీమ. సూది వేసే నర్సు వరసకు వదినవుతుంది, రక్తం తీసే కుర్రాడు ఆ వీధివాడే. అందుకే అమలాపురంలో చూపించుకోవాల్సినవాడు కాకినాడ బస్సెక్కుతాడు, లేదా ఎక్కడికీ వెళ్లడు.

మన కుటుంబ నియంత్రణ గెలుపు కూడా ఈ విషయంలో తెలియకుండా ఒక తలుపు తీసి పెట్టింది. ఆ అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహితల్లో 69.6 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ల ఆపరేషన్లు ఒక్క శాతంలో సగం కూడా లేవు. నిరోధ్ వాడే దంపతులు నూటికి ఒక్కరు కూడా తేలరు. పాతికేళ్లకే ఆపరేషన్ అయిపోయిన ఇంట్లో నిరోధ్ మాట ఎత్తడానికి ఇక సాకే ఉండదు. ఎత్తినవాళ్ల మీద అనుమానం. ఆడవాళ్ల ట్యూబులు కత్తిరిస్తే జనాభా తగ్గుతుంది, క్రిమి ప్రయాణం ఆగదు. పిల్లల బాధ్యతనూ, ఆపరేషన్ బాధ్యతనూ, చివరికి జబ్బు బాధ్యతనూ ఒకరి ఒంటి మీదే వేసే అలవాటు మనకు చాలా పాతది.

హెచ్‌ఐవీ అనుభవం ఏం చెబుతుంది? 2005-06 నాటి మూడో కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెద్దల్లో హెచ్‌ఐవీ 0.97 శాతం. దేశ సగటు 0.28. 2021 అంచనాల్లో విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌కు 0.67. రెండు లెక్కల పద్ధతులు వేరు కాబట్టి పక్కపక్కన పెట్టి తీసివేత చేయకూడదు గానీ, మంట తగ్గిందనడంలో సందేహం లేదు. తగ్గించినవాళ్లలో పెద్ద వాటా రాజమహేంద్రవరం, పెద్దాపురం వంటి చోట్ల తమ తోటివాళ్లకు నిరోధ్ పంచి, క్లినిక్‌కు వెంటబెట్టుకెళ్లిన సెక్స్ వర్కర్లది. వాళ్లకు దక్కాల్సిన గౌరవం మనం ఇప్పటికీ ఇవ్వలేదు. అదే కాలంలో ఊరూరా ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా’ అనే హోర్డింగులు వెలిశాయి. రాష్ట్రం రాష్ట్రమంతా ఆ ప్రశ్న అడుగుతూ నవ్వుకుంది. ప్రచారంగా అది ఘనవిజయం. అయితే అది వదిలిపోయిన ముద్ర ఒకటుంది: ముప్పు ఎక్కడో లారీ మీద, లాడ్జిలో, పులిరాజాలాంటివాడి జీవితంలో ఉంది, మన ఇంట్లో లేదు. పులిరాజాకు పెళ్లామున్నదా, ఆమె రక్తం ఎవరైనా పరీక్షించారా అని హోర్డింగు అడగలేదు. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు ఈ రాష్ట్రంలో మూడు లక్షలకు పైనే. వారిలో భర్త తప్ప మరో మగవాణ్ని ఎరగని ఇల్లాళ్లు ఎందరో.

గల్ఫ్ విషయానికొస్తే చాలామంది కోనసీమ కుటుంబాలకు లైంగిక వ్యాధుల పరీక్ష అంటే తెలిసింది ఒకటే, గల్ఫ్ మెడికల్. కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్లే మహిళా, డ్రైవర్‌గానో కూలీగానో వెళ్లే పురుషుడూ హైదరాబాద్ వంటి నగరాల్లో గల్ఫ్ దేశాలు గుర్తించిన కేంద్రంలో రక్తమిస్తారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, ఛాతీ ఎక్స్‌రే, ఆడవాళ్లకు గర్భ పరీక్ష. ఫలితం ఒకే ముక్క: ఫిట్ లేదా అన్‌ఫిట్. అన్‌ఫిట్ అయితే వీసా పోతుంది, అప్పు మిగులుతుంది. ఆ పరీక్ష చేసింది యజమాని కోసం. జబ్బు బయటపడినవాణ్ని ఆసుపత్రికి చేర్చడం దాని పని కాదు, భార్యకో భర్తకో పరీక్ష చేయించడం అంతకన్నా కాదు. సిఫిలిస్‌లో ఇంకో చిక్కుంది. టీపీహెచ్‌ఏ అనే రక్తపరీక్ష జబ్బు పూర్తిగా నయమైన తర్వాత కూడా జీవితాంతం పాజిటివ్‌గా ఉండొచ్చు. అంటే ఒకసారి జబ్బు చేసి సూది వేయించుకుని బాగుపడ్డ మనిషి కూడా ఆ కాగితం చూసి వణకాల్సిందే. అక్కడికి వెళ్లాక హెచ్‌ఐవీ బయటపడితే తిప్పి పంపేస్తారు. ఇలాంటి ఏర్పాటులో పరీక్ష అన్న మాట వినగానే మనిషి వెనక్కి జరిగితే అది మూర్ఖత్వం అనగలమా? జనానికి పరీక్షలంటే భయం పుట్టించింది అజ్ఞానం ఒక్కటే కాదు, పరీక్షను శిక్షగా వాడిన అనుభవం.

రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు మీద వచ్చే మనిషి ఉన్న ఇంట్లో ‘ఇద్దరికీ ఒకేసారి వైద్యం’ అనే వాక్యం వింతగా వినిపిస్తుంది. ఈమెకు ఇక్కడ మార్చిలో మందిచ్చారు, అతను డిసెంబరులో వస్తాడు. లేదా ఆమె ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా, అక్కడుంది, ఇతను ఇక్కడ. ఎవరు ఎవరికి అంటించారన్నది ఈ వ్యాసానికి అనవసరం. ఆ రెండు నెలల సెలవే వైద్యానికి దొరికే కిటికీ. ఆ కిటికీని మన ఆరోగ్య వ్యవస్థ ఇప్పటిదాకా చూసినట్టు లేదు. వచ్చినవాళ్లకు బీపీ, షుగర్ చూస్తున్నట్టే, అడిగితే ఈ రక్తపరీక్షా చేసి, ఫలితం ఏ ఏజెంటుకూ చేరదని హామీ ఇచ్చే చోటు ఉండాలి. ఇది గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లను దోషులుగా నిలబెట్టడం కాదా అని అడగొచ్చు. వాళ్లకు మాత్రమే పెడితే తప్పకుండా అవుతుంది. ఎవరెక్కడి నుంచి వచ్చారని చూసి పరీక్ష చేస్తే గల్ఫ్ కేంద్రానికీ మనకూ తేడా ఉండదు. అందుకే ఊళ్లో ఉన్నవాళ్లకూ, విదేశం నుంచి వచ్చినవాళ్లకూ ఒకే వరస, ఒకే గది, అడిగినవాళ్లకే పరీక్ష.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం సంసారాల గురించి. ‘భార్యకు సుఖవ్యాధి అని తేలి భర్తను పిలిస్తే కొంప కూలుతుంది, మందిచ్చి పంపేస్తే పోయేదానికి ఊరంతా రచ్చ ఎందుకు’ అనే వైద్యులు ఉన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, రోజూ ఆ ఇళ్లను చూస్తున్నవాళ్లు. కానీ వాళ్ల మౌనం వల్ల సంసారం నిలబడటం లేదు, జబ్బు మాత్రమే నిలబడుతోంది. ఈ వ్యాధులు నెలలు, ఒక్కోసారి ఏళ్లు చప్పుడు లేకుండా ఒంట్లో ఉండగలవు. కాబట్టి ఇవాళ బయటపడ్డ క్రిమి నిన్నటి తప్పుకు సాక్ష్యం కాదు, పెళ్లికి ముందుదైనా కావచ్చు. ఈ మాట వైద్యుడు స్పష్టంగా, ఇద్దరి ఎదుటా చెప్పగలిగితే సగం రచ్చ ఆగుతుంది. ‘ఇది ఇద్దరికీ ఉండే ఇన్‌ఫెక్షన్, ఇద్దరూ మందు వాడాలి, వారం రోజులు దూరంగా ఉండాలి’ అంటే చాలు, ఎవరి నుంచి అనే విచారణ ఆసుపత్రి పని కాదు. హెచ్‌ఐవీకి ఈ సున్నితం మన చట్టంలోనే ఉంది. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి తెచ్చిన చట్టం రోగి వివరాలు బయటపెట్టకూడదంటుంది. భాగస్వామికి చెప్పడానికి వైద్యుడికీ కౌన్సెలర్‌కూ షరతులతో వీలిస్తూనే, చెబితే రోగిని కొడతారనో వదిలేస్తారనో సహేతుకమైన భయం ఉన్నచోట చెప్పొద్దంటుంది. అదే పద్ధతి మిగతా వ్యాధులకూ పాటించవచ్చు. నిజంగా కొట్టే మొగుడున్న ఇంట్లో ముందు ఆమె ప్రాణం, ఆ తర్వాతే క్రిమి లెక్క. అలాంటి ఇళ్లున్నాయని చెప్పి అన్ని ఇళ్లలోనూ మగవాణ్ని వైద్యం నుంచి తప్పించడం మాత్రం ఒప్పుకోదగ్గది కాదు.

రెండో అభ్యంతరం వైద్యుల నుంచే వస్తుంది, దానికి బలముంది. చూడని మనిషికి మందు పంపితే ఎలర్జీ వస్తే ఎవరిది బాధ్యత, అడ్డగోలుగా యాంటీబయాటిక్ పంచితే క్రిములు మొండికేయవా? అమెరికాలో 2006 నుంచి వ్యాధి నియంత్రణ కేంద్రం, రాలేని భాగస్వామికి రోగి చేతే మందు పంపే పద్ధతిని అంగీకరించింది. అలా పంపినచోట క్లమీడియా, గనేరియా తిరగబెట్టడం తగ్గిందని అక్కడి పరీక్షల్లో తేలింది. మనం దాన్ని గుడ్డిగా తెచ్చుకోనక్కర్లేదు. పెన్సిలిన్ సూది చేతికిచ్చి పంపలేం, సిఫిలిస్‌కు మనిషి రావాల్సిందే. గనేరియాకూ ఇప్పుడు సెఫ్‌ట్రయాక్సోన్ సూదే మెరుగు. ట్రైకోమోనాస్, క్లమీడియా మాత్రలకు మాత్రం అంత భయం లేదు. క్లమీడియాకు ఇచ్చే డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానిది. ఆ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్ లెడర్లీ ప్రయోగశాలల్లో పుట్టినప్పుడు అక్కడ పరిశోధనకు అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. వశిష్ఠ అవతలి ఒడ్డు మనిషి పెంచి పోషించిన మందుల కుటుంబం ఇవతలి ఒడ్డున సగం జంటకే అందుతోంది. ఇక మొండి క్రిముల సంగతి. వాటిని పెంచుతున్నది ఆర్‌ఎంపీ ఇచ్చే రెండు రోజుల మాత్రలూ, పూర్తి మోతాదు వాడిన భార్యకు వాడని భర్త నుంచి పదే పదే తిరిగొచ్చే ఇన్‌ఫెక్షనూ. ఇద్దరికీ ఒకేసారి సరైన మోతాదు వేస్తే వాడకం తగ్గుతుంది గానీ పెరగదు. ఇంకా గురి కుదరాలంటే పరీక్ష కావాలి. క్షయ కోసం ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెట్టిన సీబీనాట్ యంత్రాల్లోనే క్లమీడియా, గనేరియా పరీక్షకు కార్ట్రిడ్జ్ ఉంది. యంత్రం కొననక్కర్లేదు, కార్ట్రిడ్జ్ కొంటే చాలు.

‘వైద్యం ఇంత తేలిక చేస్తే జనం తప్పుదారి పడతారు’ అనేవాళ్లకు పెద్ద జవాబు అక్కర్లేదు. కడుపులో బిడ్డ ఏ దారి పట్టింది?

మందులతో నయం కానివీ ఉన్నాయి. హెర్పిస్, హెచ్‌ఐవీ అదుపులో ఉంటాయి, పోవు. హెపటైటిస్ బికి టీకా ఉంది. మర్మాంగం మీద పులిపిర్లు తెచ్చే హెచ్‌పీవీలో కొన్ని రకాలు ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ తెస్తాయి. 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏడాదికి లక్షా 27 వేల కొత్త కేసులు, దాదాపు 80 వేల మరణాలు. ఇక్కడా అదే కథ: వైరస్ ఇద్దరిదీ, కేన్సర్ ఎక్కువగా ఆమెదే. నిరోధ్ దీన్ని కొంతే ఆపుతుంది, టీకా బాగా ఆపుతుంది. టీకా అనగానే గోదావరి ఎగువన జరిగింది గుర్తుచేసేవాళ్లుంటారు, చేయాలి కూడా. 2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వంటి గిరిజన ప్రాంతాల్లో వేలాది బాలికలకు పాత్ అనే విదేశీ సంస్థ ప్రాజెక్టు కింద ఈ టీకా వేశారు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010లో ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చినా, అంగీకారం తీసుకున్న తీరును పార్లమెంటరీ సంఘం 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. ఆ తప్పు టీకాది కాదు, అడగకుండా వేసినవాళ్లది. పదేళ్లకు పైగా ఆ అపనమ్మకానికి మన ఆడపిల్లలు మూల్యం చెల్లించారు. పరీక్ష అయినా టీకా అయినా మనిషిని అడిగి, చెప్పి, గోప్యంగా చేయాలన్న నియమం అలంకారం కాదని ఇంతకన్నా గట్టిగా రుజువు చేసిన ఉదంతం తెలుగునేల మీద మరొకటి లేదు.

మొదలుపెట్టడానికి కొత్త పథకం, కొత్త పేరు అక్కర్లేదు. ప్రతి నెలా 9న గర్భిణుల పరీక్షకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రత్యేక రోజు ఉంది. ఆ రోజు ఆమెకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ రక్తపరీక్షలు ఎలాగూ చేస్తారు. బిడ్డ కోసం అంటే రాని తండ్రి తక్కువ. అదే రోజు, అదే రక్తం గొట్టాలతో, అతని అంగీకారంతో అతనికీ చేయాలి. అతనికి జబ్బుందని కాదు, తండ్రి కాబోయే ప్రతివాడికీ చేస్తారని ముందే ఊరికి తెలిస్తే, వేలెత్తి చూపడానికి ఎవరూ మిగలరు. పగలు పనికెళ్లేవాళ్ల కోసం వారంలో ఒక సాయంత్రం ఓపీ, బయట బోర్డు మీద చర్మవ్యాధులు అని మాత్రమే. ఆసుపత్రి సిబ్బందిలో పొరుగూరి కౌన్సెలర్, అందులో ఒక మగమనిషి. తిరగబెట్టే తెల్లబట్టతో వచ్చిన ప్రతి ఆడమనిషి విషయంలో, ఆపరేషన్ మాట ఎత్తకముందు, ఆమె భర్తకు వైద్యం జరిగిందా లేదా అని కేస్‌షీటులో రాయడం తప్పనిసరి చేయాలి. అతను గల్ఫ్‌లో ఉంటే సెలవుకు వచ్చే నెల కూడా అక్కడే రాసి పెట్టి, ఆ నెలలో ఫోను చేయాలి. అమలాపురంలో ఒకచోట ఆరు నెలలు నడిపి చూసి, లెక్కలు బాగుంటే రాజోలుకూ కొత్తపేటకూ తీసుకెళ్లవచ్చు. ఖర్చు పరీక్ష కిట్లు, పెన్సిలిన్ వయల్స్, ఒక సాయంత్రపు జీతం. ఎలర్జీ వస్తుందన్న భయంతో పెన్సిలిన్ ముట్టని వైద్యుల కోసం పక్కనే ఎడ్రినలిన్ సూది సిద్ధంగా పెట్టి, అది వాడే పద్ధతి నర్సులకు కూడా నేర్పాలి.